సారవ్వ, భర్త పోశం

జమునకు ఇరవై నాలుగో ఏట కాగితం మీద పెళ్ళయింది. పెళ్ళికొడుకు పేరు పోశం. అతన్ని ఆమె చూడలేదు, అతను ఆమెను చూడలేదు. మొగని ముఖం తెలియకుండా ఏడేళ్ళు అతని పెండ్లాంగా చలామణీ అయిన ఆడది గోదావరిఖని మొత్తమ్మీద జమున ఒక్కతే అయివుంటుంది. ఈ పెళ్ళి జరిపించింది అయ్యగారు కాదు, శ్రమజీవి సహకార దవాఖాన పర్సనెల్ ఆఫీసరు యజ్ఞనారాయణ. మంత్రాలకు బదులు ఆయన నిబంధనలు చదివాడు.

శ్రమజీవి దవాఖాన పెద్దదేం కాదు. బొగ్గుబాయిల్లో పనిచేసి రిటైరయినవాళ్ళు తలా కొంత వేసుకుని, సంఘం కట్టి పెట్టుకున్నది. నలభై మంచాలు, ముగ్గురు డాక్టర్లు, పొద్దున ఐదింటి నుంచీ చిట్టీల కోసం దగ్గుకుంటూ నిలబడే ముసలివాళ్ళ లైను. 2005లో ఆ లైను తగ్గించాలని ఒక కంప్యూటరు కొన్నారు. అందులో ప్రోగ్రాం పెట్టిన హైదరాబాదు వాళ్ళు డబ్బు ముట్టగానే ఫోను ఎత్తడం మానేశారు. ఇక చేసేదేముంది, దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద దూది కట్టలు పెట్టుకున్నారు.

అప్పుడు జమున లక్ష్మీనగర్‌లో చిన్న కంప్యూటర్ షాపు నడిపేది. పెళ్ళి కార్డులు, దరఖాస్తులు, నల్లా బిల్లు మీద ఫిర్యాదులు, ఏదంటే అది టైపు చేసిపెట్టేది. కోచింగులో సారుకు కూడా రాని ప్రోగ్రామింగు పాత పుస్తకాల్లో చదివి తానే నేర్చుకుంది. పెద్ద డాక్టరు కబురు పెడితే వెళ్ళి, మూడు రోజులు చూసి, పాత ప్రోగ్రాం పనికిరాదని చెప్పి, రెండు నెలల్లో కొత్తది రాసింది. ముసలాయన కార్డు నంబరు చెప్పగానే అతని షుగరు, బీపీ, పోయినసారి రాసిన మందులు తెర మీదికి వచ్చేవి. ఎనిమిది కొట్టేసరికి లైను ఖాళీ. మొదటిరోజు ఒక పెద్దమనిషి కంప్యూటరుకు దండం పెట్టబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో, జమునకు పెట్టాడు.

ఈ పిల్లను పోనీయొద్దని డాక్టర్లు ముగ్గురూ అన్నారు. అనడం సులువే. పెట్టుకోవడం ఎట్లాగన్నదే తేలలేదు.

యజ్ఞనారాయణ భీమవరం దిక్కు నుంచి వచ్చిన మనిషి. మహా మర్యాదస్తుడు. చిన్నపిల్లను కూడా ‘అండీ’ అనకుండా పిలిచేవాడు కాదు. కోపం లేదు, లంచం లేదు, నవ్వు అంతకన్నా లేదు. జమునను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి చెప్పాడు.

“మీకు జీతం ఇవ్వాలంటే పోస్టు ఉండాలండీ. పోస్టు లేదు. కాంట్రాక్టు ఇద్దామంటే మీరు సంస్థ కాదు, మనిషి. విడి మనిషికి కాంట్రాక్టు ఇవ్వడానికి మా నిబంధనల్లో లేదు.”

సరేనని జమున సంస్థ అయింది. ‘జమున కంప్యూటర్స్’ అని బోర్డు రాయించింది, రబ్బరు స్టాంపు చేయించింది. మూడు కొటేషన్లు కావాలన్నాడు, మంచిర్యాల దాకా తిరిగి తెచ్చింది. లేబర్ లైసెన్సు కావాలన్నాడు, కరీంనగర్ బస్సెక్కింది.

అక్కడి గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. “ఎంతమంది కూలోళ్ళు?”

“నేనొక్కదాన్నే సార్.”

“ఇరవైమంది ఉంటేనే లైసెన్సు. ఒక్కరికైతే అక్కరలేదు.”

“అక్కరలేదని రాసియ్యుండ్రి సార్.”

“అక్కరలేనిదానికి కాయితమెందుకిస్తం?”

ఆ మాట పట్టుకుని ఆమె తిరిగి వచ్చింది. అక్కరలేదని వాళ్ళంటే సరిపోదు, ఆడిట్ వాళ్ళు అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి అన్నాడు యజ్ఞనారాయణ. పీఎఫ్ నంబరు దగ్గరా అదే కథ. కరీంనగర్‌కు నాలుగుసార్లు పోయి, చెప్పులరిగి, చివరికి ఆమె తెలుసుకున్నది ఒకటే. ఇరవైమందిని పెట్టుకుని ఊరికే కూర్చున్నవాడికి పని ఇవ్వొచ్చు. ఒంటరిగా పని చేసేవాళ్ళకు ఇవ్వడానికి లేదు.

“అసలు చిక్కు ఇంకోటి ఉందండీ,” అన్నాడు ఆయన ఆఖరున. “ఆ కంప్యూటరు కొన్నది ఫర్నిచర్ పద్దు కింద. ఆ పద్దులో మనిషిని పెట్టాలంటే వడ్రంగిని పెట్టొచ్చు.”

హాస్యానికి అన్నాడేమో అని జమున ముఖంలోకి చూసింది. హాస్యం కాదు.

దారి చూపించినవాడు రఘుపతి. ఊడ్చేవాళ్ళనూ తోటపనివాళ్ళనూ దవాఖానకు పంపే కాంట్రాక్టరు అతను. “నా లిస్టుల ఒక పేరు ఖాళీగున్నది సార్,” అన్నాడు, బస్సులో సీటు ఖాళీ ఉందన్నంత తేలికగా. “సారవ్వ, భర్త పోశం. ఊడ్సుడు పని. మొగడు లారీ మీదికెల్లి పడి నడుమిరిగింది, రామకృష్ణాపూర్‌కు పోయిండ్రు. పేరు ఇంక కొట్టెయ్యలే. ఈ చెల్లెను గా పేరు మీద నడిపిద్దాం.”

యజ్ఞనారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నేను వినలేదు రఘుపతిగారూ,” అన్నాడు. తర్వాత జమున వైపు తిరిగి, “ఆరు నెలలేనండీ. బోర్డులో తీర్మానం కాగానే మీ పేరు మీదనే ఆర్డరు ఇప్పిస్తాను,” అన్నాడు. వినని మాటకు ఆరు నెలల గడువు ఎట్లా పెట్టాడో ఆయనకే తెలియాలి.

జమునకు ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చి బ్యాగు మూలకు విసిరింది. ఆ కోపానికి కారణం ఇంట్లోనే, వాకిట్లో మంచం మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నది. ఆమె తండ్రి ఆగయ్య.

ఆగయ్య ముప్ఫై ఒక్క ఏళ్ళు బాయిలో దిగాడు, సదయ్య పేరు మీద. సదయ్య అతని చిన్నాయన కొడుకు. నౌకరి వచ్చింది సదయ్యకు. మొదటిరోజు దిగి, కప్పు పటపటమనగానే భయపడి పైకొచ్చి, కాగితం ఆగయ్య చేతిలో పెట్టి పోయాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ దిక్కున ఇది వింతేం కాదు. వాడకు నలుగురైదుగురు అట్లాంటివాళ్ళు ఉండేవారు, ఇంటి దగ్గర ఒక పేరు, బాయి మీద ఒక పేరు. ఎవరి అసలు పేరేమిటో అందరికీ ఎరుకే, ఎవరూ పైకి అనరు. అంటే అవతలివాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

ప్రతి దసరా ముందర ఆ సదయ్య ఊరి నుంచి వచ్చేవాడు. లోపలికి రమ్మన్నా రాడు. గడప కింద మెట్టు మీద కూర్చునేవాడు. జమున తల్లి లస్మవ్వ కంచంలో అన్నం పెట్టి ఇచ్చేది, చిన్నప్పుడు జమున చెంబుతో నీళ్ళు ఇచ్చేది. తిని, కంచం కడిగి బోర్లించి, ఒక్క మాట మాట్లాడకుండా పోయేవాడు. కూలి చేసుకుని బతికాడు, అట్లాగే పోయాడు.

జమునకు పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చింది. బాయి కార్మికుల పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే, నువ్వు ఆగయ్య బిడ్డవు, ఆగయ్య అనేవాడు మా బాయిలో లేడు అన్నారు. ఆనాడే అనుకుంది, ఏ పని చేసినా నా పేరు మీద చేస్తాను, నా పేరుతో ఒక్క కాగితం సంపాదిస్తాను అని. ఎవరికైనా ఇది చిన్న కోరికగా కనిపించవచ్చు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు కనిపించదు.

సంగతంతా విని ఆగయ్య బీడీ ఆర్పాడు. “పేరుల ఏమున్నదే బిడ్డా? పని నీది, కడుపు నీది. నేను ముప్ఫై ఒక్కేండ్లు జెయ్యలేదా? సదయ్యా అంటే పలికిన, ఇంటికొచ్చి ఆగయ్యనైన. ఏం తరిగిపోయిన?”

“నా స్కాలర్‌షిప్ పోయింది గద బాపూ.”

“అది పోయింది. అన్నం రాలేదా?” అన్నాడు. పిలిచి ఇచ్చే పనిని పేరు కోసం కాలదన్నడం ఆగయ్యకు మదం కింద లెక్క. ఆ వాడలో ఎవరిని అడిగినా అదే మాట చెప్పేవారు. ఆరు నెలలే కదా అని జమున ఒప్పుకుంది.

ఆరు నెలలు ఏడేళ్ళయింది.

సారవ్వకు చదువు రాదు. అందుకని హాజరు మస్టర్‌లో సారవ్వ పేరు ఎదుట సంతకం ఉండకూడదు, వేలిముద్ర ఉండాలి. దవాఖానలో అందరికన్నా ఎక్కువ అక్షరాలు తెలిసిన పిల్ల రోజూ పొద్దున సిరా దిండు మీద బొటనవేలు అద్ది హాజరు వేయించుకునేది. ఆ సిరా ఎంత కడిగినా గోరు సందులో మిగిలేది. ఆ వేలితోనే పోయి కీబోర్డు కొట్టేది. ఊడ్చే ఆడవాళ్ళు “పోశం పెండ్లామా, నీ మొగడు మంచిగున్నడా?” అని ఆటపట్టించేవారు. “నన్నిడిచిపెట్టి దుబాయ్ పోయిండు” అని జమున కూడా నవ్వేది. మొదట్లో నిజంగానే నవ్వేది.

ఏడాదికోసారి తనిఖీకి సహకార శాఖవాళ్ళు వచ్చేవారు. ఆ రోజు జమున చీపురు పట్టుకుని వరండాలో నిలబడాలి. లిస్టులో ఊడ్చే మనిషి ఊడుస్తూ కనిపించాలి కదా. ఒకసారి వచ్చిన అధికారి కంప్యూటరు చూసి ముచ్చటపడ్డాడు. జిల్లాలో ఇంకెక్కడా ఇట్లాంటిది లేదు, ఎవరు చేశారు అని అడిగాడు. “బయటి నుంచి చేయించామండీ,” అన్నాడు యజ్ఞనారాయణ. రెండు బారల దూరంలో జమున ఊడ్చిన చోటునే మళ్ళీ ఊడ్చింది. ఆ అధికారి ఆమె పక్క నుంచి పోతూ దుమ్ము లేస్తున్నదని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

బెల్లంపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల కంప్యూటర్ ఉద్యోగం చేస్తుందంటే వాళ్ళు సంబరపడ్డారు. పెద్దమనిషి ఒకాయన, ఊరికే చూద్దామని ఉద్యోగం కార్డు అడిగాడు. జమున దగ్గర ఉన్న కార్డు ఒకటే, గేటు పాసు. దాని మీద ఫోటో జమునది. కింద సారవ్వ, భర్త పోశం, స్వీపర్ అని ఉంది. కార్డు నలుగురి చేతులూ మారింది. చాయ్ సగం తాగి లేచారు. ఆ రాత్రి లస్మవ్వ ఏడ్చింది, ఆగయ్య మాత్రం తప్పు వాళ్ళదేనని తిట్టుకున్నాడు.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలన్నీ ఆగినా దవాఖాన ఆగలేదు. ఆ రోజుల్లో పని ఆపకుండా నడిపిన కాంట్రాక్టు వాళ్ళందరినీ పర్మనెంటు చేయాలని సంఘంలో గొడవ లేచింది. 2012 ఎండాకాలంలో బోర్డు రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, మస్టర్‌లో ఐదేళ్ళు తెగకుండా హాజరు ఉన్నవాళ్ళను వాళ్ళ వాళ్ళ పనుల్లో పర్మనెంటు చేయాలని. రెండోది, కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు ఒకటి పెట్టాలని. ఐదేళ్ళు ఆ పని చేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి.

రెండో తీర్మానం విని జమున గుడిలో కొబ్బరికాయ కొట్టింది. మంచి బట్టలు కట్టుకుని యజ్ఞనారాయణ దగ్గరికి పోయి సర్టిఫికెట్ అడిగింది.

ఆయన ఆమెను కూర్చోమన్నాడు. “మిమ్మల్ని చూస్తే నాకు బాధగానే ఉందండీ. కానీ ఏమని రాయను? జమున అనే మనిషి ఇక్కడ పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు. ఇప్పుడు రాస్తే ఏడేళ్ళు తప్పుడు మస్టర్ నడిపామని నేనే ఒప్పుకున్నట్టు. నా పెన్షను పోతుంది.”

“సార్, నేను ఏడేండ్లు మీ ఎదురుంగనే కూసున్న గద.”

“కూర్చున్నారండీ. కానీ మీరు లేరు.”

మర్యాదగానే అన్నాడు. మంచినీళ్ళు కూడా తెప్పించాడు. జమున దరఖాస్తు సర్టిఫికెట్ లేనందున తిరిగొచ్చింది. నెల తర్వాత నోటీసు బోర్డు మీద, అర్హత గలవారు ఎవరూ దరఖాస్తు చేయనందున పోస్టు రద్దు చేయడమైనది అని అంటించారు. ఆ నోటీసు టైపు చేసింది కూడా జమునే.

దాని పక్కనే పర్మనెంటు అయ్యేవాళ్ళ లిస్టు పెట్టారు. పదిహేడో పేరు సారవ్వ, భర్త పోశం.

నాలుగో రోజున ఒక మనిషి కంప్యూటర్ గది వాకిట్లో నిలబడింది. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. కాళ్ళకు ఎర్రమట్టి, చేతులు రెండూ పగిలి బొబ్బలెక్కి ఉన్నాయి. “అక్కా, లిస్టుల నా పేరొచ్చిందట గద? నేను సారవ్వను,” అంది.

ఆ పేరుకు ఒక మనిషి ఉంటుందని జమున ఏడేళ్ళలో మరిచేపోయింది.

సారవ్వ కూర్చుని తన గోడు చెప్పుకుంది. మొగడు మంచంలోనే ఉన్నాడు, పిల్లలు చిన్నవాళ్ళు. ఇటుక బట్టీలో పనిచేస్తున్నది. పేరు ఎప్పుడో కొట్టేసి ఉంటారనుకుంది, ఎవరో చూసి చెబితే పరుగెత్తుకొచ్చింది. “నేను పని జెయ్యకున్నా నా పేరెందుకుంచిండ్రో ఏమో అక్కా. దేవుడే ఉంచిండు,” అంది. ఆ పేరు ఎందుకు ఉన్నదో చెప్పే ధైర్యం జమునకు లేకపోయింది. చేసింది ఒకతె, పేరు ఇంకొకతెది. ఎవరిది న్యాయం అంటే ఇద్దరిదీ న్యాయమే, ఉద్యోగం మాత్రం ఒకటే.

ఆ వారంలోనే మస్టర్ పుస్తకం ఎత్తేసి వేలిముద్ర మిషను తెప్పించారు. మిషను తెచ్చినవాళ్ళు ఎట్లా నడపాలో జమునకు చూపించి పోయారు. లిస్టులో ఉన్నవాళ్ళ వేళ్ళు ఒక్కొక్కటే ఎక్కించే పని ఆమెకే అప్పజెప్పారు. ఇక చేయనని చీపురు విసిరికొట్టి పోవలసింది. పోలేదు. ఎక్కడికి పోతుంది? లక్ష్మీనగర్ షాపు మూతపడి ఆరేళ్ళయింది.

విషయం ఇంట్లో చెప్పింది. ఆగయ్య ఏమీ ఆలోచించలేదు. “నీ ఏలు పెట్టు,” అన్నాడు.

“ఆమె పేరు బాపూ.”

“పాత మస్టర్ల ఏడేండ్లున్న ఏలు ఎవరిది? నీది. కార్డు మీద మొఖం ఎవరిది? నీది. ఆమెకున్నది ఉత్త పేరే.”

“అప్పుడు నేను సచ్చేదాక సారవ్వనే గద.”

“నేను సావలేదు,” అన్నాడు ఆగయ్య. లస్మవ్వ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, ఏదో అనబోయి, మొగని ముఖం చూసి మళ్ళీ పొయ్యి దగ్గరికే పోయింది.

మరునాడు మధ్యాహ్నం సారవ్వ వచ్చింది. చేతిలో రేషన్ కార్డు ఒక్కటే. ఇంటిల్లిపాదీ కలిపి తీసిన ఫోటోలో గోరంత ముఖం, అదీ తడికి చెదిరిపోయింది. జమున ఆమె బొటనవేలు పట్టుకుని మిషను అద్దం మీద పెట్టింది. మిషను ఎర్రగా వెలిగింది. తుడిచి పెట్టింది, ఎర్రగానే. సబ్బుతో కడిగించింది, తన చున్నీతో ఒత్తి తుడిచింది, మళ్ళీ ఎర్రగానే. ఏళ్ళ తరబడి ఇటుకలు మోసి వేలి మీద గీతలు అరిగిపోయాయి. ఆ వేలు పలక లాగా నున్నగా ఉంది.

“ఏమాయె అక్కా?” అంది సారవ్వ, భయంగా.

“ఏం కాలే. ఏలు మంచిగలేదు. మంచినూనె రాసుకొని రెండు రోజులు బట్టీకి పోకు. ఎల్లుండి రా.”

“సరే అక్కా. నువ్వున్నవు గద, నాకు ఫికర్ లేదు,” అంది సారవ్వ. నమ్మకంగా నవ్వి పోయింది.

గదిలో జమున ఒక్కతే మిగిలింది. తెర మీద పదిహేడో నంబరు ఎదుట గడి ఖాళీగా ఉంది. జమున చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే ఇంతసేపు పట్టేది కాదు. మొదట సారవ్వ పిల్లలు గుర్తుకొచ్చారు. తర్వాత చీపురు, ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు, సగం తాగిన చాయ్‌లు, మీరు లేరండీ అన్న మాట గుర్తుకొచ్చాయి. ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, తన బొటనవేలు అద్దం మీద పెట్టింది. మిషనుకు ఒక్కసారికే అందింది. పచ్చగా వెలిగి సారవ్వ అని రాసింది.

ఆ ఎల్లుండి నాడే ఆర్డర్లు ఇవ్వడానికి కరీంనగర్ నుంచి అధికారి వచ్చాడు. పెద్ద హాలులో అందరినీ కూర్చోబెట్టి ఒక్కో పేరూ పిలిచాడు. పిలిచినవాళ్ళు వచ్చి వేలు పెట్టాలి, పచ్చగా వెలిగితే ఆర్డరు. పదిహేడోది పిలిచాడు.

“సారవ్వ, భర్త పోశం.”

వెనుక నుంచి సారవ్వ లేచింది. పొద్దున నూనె రాసుకున్న చేతులు కొత్తగా మెరుస్తున్నాయి. ముందు వరసలోంచి జమున లేచింది.

“ఏంది, ఇద్దరున్నరా?” అన్నాడు అధికారి.

“నేను సార్ సారవ్వను,” అంది సారవ్వ. ఆయన వేలు పెట్టమన్నాడు. ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టింది, రెండు చేతుల వేళ్ళూ పెట్టింది. జమున వేలు పెట్టగానే పచ్చ. గేటు పాసు చూశారు, ఫోటో సరిపోయింది. పాత మస్టర్ తెప్పించి వేలిముద్ర సరిచూశారు, ఏడేళ్ళదీ సరిపోయింది.

హాలులో నలభై మంది ఉన్నారు. జమున ఎవరో నలభై మందికీ తెలుసు. నర్సులకు తెలుసు, ఊడ్చేవాళ్ళకు తెలుసు, రఘుపతికి తెలుసు. ఒక్కరు నోరెత్తలేదు. కొందరు జమున కష్టం చూసి ఊరుకున్నారు, కొందరు తమ ఇళ్ళల్లోని సదయ్యలను తలచుకుని ఊరుకున్నారు. యజ్ఞనారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

సారవ్వ ఏడుపు గొంతుతో జమున చెయ్యి పట్టుకుంది. “అక్కా, నువ్వన్న జెప్పు. మొన్న నేను రాలేదా? నువ్వే గద నా ఏలు కడిగినవు.”

అధికారి జమున వైపు తిరిగాడు. “ఈమె ఎవలమ్మా? నీకెరుకేనా?”

పట్టుకున్న ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. జమున చేయి విడిపించుకుంది.

“తెల్వదు సార్,” అంది.

వాచ్‌మన్ సారవ్వను భుజం పట్టి బయటికి తీసుకుపోయాడు. గేటు దాటేదాకా ఆమె తన పేరు తాను చెప్పుకుంటూనే పోయింది.

ఆర్డరు కాగితం తెచ్చి జమున తండ్రి చేతిలో పెట్టింది. ఆగయ్యకు చదువు రాదు. గుండ్రటి ముద్రను వేలితో తడిమి చూశాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. తెల్వదన్నాను బాపూ అని చెప్పి గోడకు ఆనుకుని కూలబడింది.

ఆగయ్య బీడీ తీసి, వెలిగించకుండానే పక్కన పెట్టాడు. “సదయ్య కాయితం ఇచ్చిపోయిండని జెప్పిన గద,” అన్నాడు. “ఇచ్చింది నిజమే. నెల దాటినంక మల్ల వచ్చిండు. భయం పోయింది అన్నా, నా నౌకరి నాకియ్యి అన్నడు. బాయి మీద మస్టర్ బాబు నన్ను పిలిచి, వీడెవడు అని అడిగిండు. నేను గూడ గదే మాటన్న.”

లస్మవ్వ ఆ మాట వినగానే తల దించుకుంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

జమున పర్మనెంటయింది. ఇప్పుడు నెల తిరిగేసరికి జీతం, జబ్బు చేస్తే సెలవు, అన్నీ ఉన్నాయి. రోజూ పొద్దున వేలు పెడితే పచ్చగా వెలిగి ఆమెను సారవ్వా అని లోపలికి రానిస్తుంది. కొత్తగా చేరిన నర్సులు ఆమెను సారక్కా అంటారు. ఆమె పలుకుతుంది.

ఆ ఏడు దసరాకు రెండు రోజుల ముందు, ఆమె ఇంట్లో తల దువ్వుకుంటుండగా బయట ఎవరో వచ్చిన అలికిడి అయింది. కిటికీలోంచి చూసింది. గడప కింద మెట్టు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తలుపు కొట్టలేదు, పిలవలేదు, ఏమీ అడగలేదు. ఒళ్ళో పగిలిన చేతులు రెండూ పెట్టుకుని ఊరికే కూర్చుంది. జమున దువ్వెన పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

లస్మవ్వ తొంగిచూసి, ఎవరని అడగలేదు. లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చి ఆమె ముందు పెట్టింది.